సాగిన బోల్టులు

కోయిలకుంట్ల దాటి నాలుగు మైళ్ళు కూడా రాలేదు, లారీ ఇంజను దడదడమని కొట్టుకోవడం మొదలుపెట్టింది.

డ్రైవరు అయ్యన్న బండి ఆపేశాడు. లారీ యజమాని చిన్న ఈరన్న కిందికి దూకి వాణ్ణి తిట్టని తిట్టు లేదు.

తిట్టడా మరి? వెనకాల శెనక్కాయ మూటల మీద తమ్ముడు రంగన్న పడి ఉన్నాడు. కడుపులో కొడవలి వేటు. చుట్టిన పంచె తడిసి నెత్తురు మూటల మీదికి కారుతోంది. జమ్మలమడుగు మిషను ఆసుపత్రికి చేరితేనే మనిషి దక్కేది.

పది దినాల కిందట ఎదుటి పార్టీ జీతగాణ్ణి ఒకణ్ణి రంగన్న నరికి చంపాడు. ఈ పొద్దు వాళ్ళు రంగన్నను నరికారు. చచ్చిన ఆ జీతగాడి పేరు కూడా ఈరన్నకు గుర్తు లేదు. అట్లాంటి పేర్లు గుర్తు పెట్టుకునే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు లెండి.

అప్పుడే ఎదురుగా ఒక ముసలాయన నడుచుకుంటూ వచ్చాడు. భుజాన గోనె సంచి. అయ్యన్న ఇంజను మళ్ళీ తిప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

పేరు ఏసేపన్నాడు. బళ్ళారి మోటారు షెడ్డులో ఇరవై ఏళ్ళు మేస్త్రీగా చేశాడట. ముద్దనూరులో రైలు దిగి సొంత ఊరికి పోతున్నాడట.

ఈరన్న ప్రాణం లేచొచ్చింది. చూడప్పా, నీకు పుణ్యముంటుందని బతిమాలాడు.

ఏసేపు లారీ కింద దూరాడు. ఇంజను రాడ్లను పట్టి ఉంచే ఎనిమిది బోల్టులూ ఊడదీసి గోనె మీద వరసగా పెట్టాడు. ఎండకు నోరు ఎండి నీళ్ళడిగాడు. అయ్యన్న చెంబు ఎత్తి దోసిట్లో పోశాడు.

"ఈ లారీ ఎవురిదప్పా?"

"చిన్న ఈరన్నది. ఆ పైన పండుకోనుండేది ఆయన తమ్ముడు, రంగన్న."

నోటి దాకా పోయిన దోసిలి అక్కడే ఆగింది. వేళ్ళు విడిపోయి నీళ్ళన్నీ మట్టిలో పడ్డాయి.

ఏసేపు లేచి లారీ వెనక్కి పోయాడు. రంగన్న ముఖంలోకి శానా సేపు చూశాడు. మళ్ళీ వచ్చి బోల్టుల ముందర కూర్చున్నాడు.

ఇదంతా ఈరన్న కంట పడింది. పగవాడి నీళ్ళు తాగితే పగ చల్లారినట్టే అని ఆ సీమలో పట్టింపు. అందుకే ఎంత దప్పికైనా పగవాడి చేతి చుక్క ఎవరూ ముట్టరు.

ఏసేపు ఒక్కో బోల్టునూ రాతి మీద తట్టి విన్నాడు. ఆరు ఖంగుమన్నాయి. రెండు మాత్రం పగిలిన కుండలాగా పలికాయి.

"ఈ రెండూ సాగిపోయినాయి. మళ్ళా ఇవే బిగిస్తే గట్టు ఎక్కేటప్పుడు తెగుతాయి."

కొత్తవి కొందామంటే యుద్ధం రోజులు, మద్రాసులోనే దొరకడం లేదు. తన సంచిలో రెండున్నాయనీ, పొడుగు ఎక్కువ గనక కోసి అరగదీయాలనీ, గంటన్నర పడుతుందనీ చెప్పాడు ఏసేపు.

గంటన్నర. మూటల మీద రంగన్న అన్నా, అన్నా అని మూలుగుతున్నాడు.

"పాతవే బిగించు," అన్నాడు ఈరన్న.

"బిగించను."

ఈరన్నకు అంతా తేటతెల్లమైపోయింది, పాపం. నీళ్ళు పారబోసినవాడు కావాలనే పొద్దు గడుపుతున్నాడు. ఎదుటి పార్టీ పంపిన మనిషే వీడు.

జాకీ రాడ్డు అందుకున్నాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది డొక్కలో. ఎముక విరిగిన చప్పుడు అయ్యన్నకు కూడా వినపడింది. మూడోది తల మీద.

"నా తమ్ముణ్ణి సంపను వచ్చినావా? ఎవురు పంపినార్రా నిన్ను?"

ఏసేపు నోట్లో నెత్తురు పక్కకు ఉమ్మాడు.

"నీ తమ్ముడు బతకాలంటే ఆ రాడ్డు పక్కన పెట్టి ఆకురాయి ఇటియ్యి."

అయ్యన్న ఈరన్న కాళ్ళు పట్టుకుని ఆపాడు. ఏసేపు అరగదీస్తూ కూర్చున్నాడు. చెవి పక్క నుంచి కారే నెత్తురు ఇనప రజనులో పడుతోంది. చెయ్యి ఆగినప్పుడల్లా ఈరన్న కాలితో తన్నాడు. ఆరు పాతవీ, రెండు కొత్తవీ బిగించేసరికి ముసలాయన పాకుతూ గానీ బయటికి రాలేకపోయాడు.

హ్యాండిలు ఒక్క తిప్పుకే లారీ లేచింది.

ఈరన్న ఆయన సంచి లాక్కున్నాడు. దావలో బండి నిలిస్తే తిరిగొచ్చి చంపుతాననీ, అందాకా సంచి తన కాడే ఉంటుందనీ చెప్పి, కల్వర్టు గోడకు ఆనించి వదిలేసి పోయాడు.

లారీ గట్టు ఎక్కింది, దిగింది. ఎక్కడా నిలవలేదు. దొరసాని డాక్టరు రంగన్న కడుపు కుట్టి, ఈ పొద్దే తెచ్చినారు గనక బతికినాడంది.

మర్నాడు పొద్దున ఈరన్న ఒక కొత్త పంచె కొని, సంచి తీసుకుని, అయ్యన్న చేత లారీ తోలించుకుంటూ తిరిగి బయల్దేరాడు. ముసలాయనకు ఏం చెప్పాలో దావ పొడుగునా అనుకుంటూనే వచ్చాడు.

ఏసేపు కల్వర్టు గోడకు ఆనుకునే ఉన్నాడు. చెవి పక్కన చీమలు పట్టాయి.

ఆ సాగిన బోల్టులు రెండూ అక్కడే పడి ఉన్నాయి. ఈరన్న ఒకటి తీసి రాతి మీద కొట్టాడు. మెడ కాడ పుటుక్కున తెగింది. ఈరన్న కల్వర్టు గోడ పక్కన కూలబడి, తమ్ముడు పడినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చాడు.

శవాన్ని ఏ ఊరికి చేర్చాలో తెలియాలి గదా, సంచి విప్పారు. బోల్టులు తిప్పే పానాలు, ఒక బైబిలు, అందులో మడిచిన జాబు. ఈరన్నకు చదువు రాదు. అయ్యన్న కూడబలుక్కుంటూ చదివాడు.

"ఏసేపుకు నీ పెండ్లాము విశ్వాసమ్మ రాయించిన జాబు: మన దావీదురాజును చిన్న ఈరన్న తమ్ముడు రంగన్న నరికి సంపినాడు, మనకుండేది వాడొక్కడే గదా, నువ్వొచ్చి నా పక్కన కూకో."