అరవయ్యో సిరంజి

"హనుమన్న తాతా! ఓ తాతా!"

మధులత పిలిచింది. ఆపరేషన్ బల్ల మీద తాత ఉలకలేదు, పలకలేదు. భుజం తట్టింది. నుదుటి మీద వేలితో రెండుసార్లు కొట్టింది. రెప్ప కదిలితే ఒట్టు.

"సార్, నిద్ర స్కోరు ఐదు! ఈయనకీ ఐదే!" అరిచినంత పని చేసింది. హెర్నియా కుడుతున్న సర్జన్ తలెత్తి చూసి నవ్వాడు.

ఐదంటే పిలిచినా, తట్టినా లేవనంత గాఢనిద్ర. ఎగిరి గంతెయ్యదా మరి? వెన్నులో మత్తు సూది ఇస్తే నడుం కింద మొద్దుబారుతుంది గానీ మనిషి మెలకువగానే ఉంటాడు. కత్తెర చప్పుడుకే హడలిపోతాడు. అలాంటివాళ్ళను హాయిగా నిద్రపుచ్చడానికి రెండు మందుల్లో ఏది మేలో తేల్చడమే మధులత థీసిస్. రెండు రకాల సిరంజిల్లో ఆ మందులు, మూడో రకంలో ఉత్త సెలైన్. ఎవరికి ఏది వెళ్ళిందో ఆమెకూ తెలియదు. ఆ చీటీ గైడు రామకృష్ణ సారు బీరువాలో సీలు వేసి ఉంది. అరవై మంది పూర్తయితేనే విప్పేది. థీసిస్ ఇవ్వకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు, వేంపల్లె నుంచి కర్నూలు వచ్చి మత్తు డాక్టరు చదువు చదివిన మూడేళ్ళూ నీళ్ళపాలే.

ఓర్వకల్లు హనుమన్న అరవయ్యోవాడు. మూడు వారాల కింద వార్డులో చేరినరోజే థీసిస్ ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర తీసుకుంటూ ఆమె చెప్పింది: "మందు ఎక్కినాక పిలుస్తాంటా తాతా. ఎంత నిద్రలో ఉండావో చూసి రాసుకుంటా."

"ఇది రాస్తేనే నువ్వు పాసవుతావా పాపా?"

"అవును తాతా!"

ఆ తర్వాత షుగరు తగ్గక ఆపరేషన్ వాయిదా పడుతూ వచ్చింది. తాత మకాం వార్డులోనే.

"మొదటి నలభై మందిలో సగం మంది పిలవగానే కళ్ళు తెరిచారు సార్. ఈ మూడు వారాల్లో ఒక్కరూ తెరవలేదు!" ఆపరేషన్ అయ్యాక మధులత ఆనందం పట్టలేక గడగడా చెప్పేసింది.

రామకృష్ణ సారు చీటీ విప్పి, వేలు పెట్టి కిందిదాకా వచ్చి ఆగిపోయాడు.

"అరవై... సెలైన్."

మధులత తానూ వంగి చూసింది. ఉత్త ఉప్పునీళ్ళకు అంత మొద్దునిద్రా? పక్కగదిలోకి పరుగెత్తింది. తాత వెల్లకిలా పడుకుని ఫ్యాను చూస్తున్నాడు.

"తాతా, నిజం చెప్పు. లోపల నిద్ర పట్టిందా?"

తాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "యాడ నిద్ర పాపా! డాక్టరప్ప కత్తెర అడిగింది, నువ్వు ఐదు అని అరిసింది, అన్నీ ఇనపడినాయి. నువ్వు నొసట కొడతాంటే శానా నవ్వొచ్చింది. పండ్లు కరుసుకోని ఓర్సుకున్యా."

"అయ్యో! ఎందుకు?"

"నేను పలికితే నీ పరీక్ష పోదా?"

మధులతకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పోనీలే, ఒక్క కేసే కదా, ఇంకొకరిని చూసుకుంటే సరిపోతుంది అనుకుంది. ప్రాణం కుదుటపడింది.

"సరేలే తాతా. నువ్వొక్కనివే కాబట్టి బతికిపోతి."

"నేనొక్కన్నేనా?" తాత మొహం వెలిగిపోయింది. "ఈ మూడు వారాలూ ఈ వార్డులో నుంచి ఆపరేషనుకు పోయిన పందొమ్మిది మందికీ చెప్పి మరీ పంపినా పాపా, నువ్వు పిలిస్తే ఎవురూ పలకాకండని!"