రెజ్యూమేలో ఆఖరి లైన్

"స్పిన్నింగ్ రీలా, బెయిట్‌కాస్టరా?" గాలాల కొట్టులో కౌంటర్ వెనక ఉన్న పెద్దావిడ మూడోసారి అడిగింది.

చక్రధర్‌కు ముచ్చెమటలు పోశాయి. చుట్టూ గోడల నిండా గాలపు కర్రలే. పక్కన నిలబడ్డ గోపీకృష్ణ వైపు కొరకొరా చూశాడు.

"నా వంక చూస్తావేంట్రా? హాబీ నీది," అన్నాడు గోపీకృష్ణ తెలుగులో.

"నీ రెజ్యూమే కాపీ కొట్టబట్టే కదా నాకీ హాబీ అంటుకుంది. అసలు పదేళ్ళుగా బాస్ చేపల ఫిషింగ్ అని ఎందుకు రాశావు?"

"నేనెక్కడ రాశా? నాకు ఫార్వర్డ్ చేసినాయన రెజ్యూమేలో ఉంది. పేరు మార్చా, ఫోన్ నంబర్ మార్చా, అప్లై చేశా. ఆఖరి లైన్ దాకా ఎవడు చదువుతాడు?"

గ్రెగ్ చదివాడు. కెనడాలోని కనాటాలో చక్రధర్ పనిచేసే టెలికాం ఆఫీసులో గ్రెగ్ మేనేజర్. సోమవారంతో చక్రధర్ ప్రొబేషన్ ముగుస్తుంది. ఉంచడమో ఊడబెరకడమో గ్రెగ్ చేతిలో ఉంది, ఊడితే శాశ్వత నివాసం కోసం పెట్టుకున్న పీఆర్ ఫైలు కూడా గోవిందా. అలాంటి మనిషి ఆ శుక్రవారం మధ్యాహ్నం సీటు దగ్గరికి వచ్చి, "రేపు పొద్దున ఆరింటికి సరస్సు దగ్గరికి రా. నీ ఫిషింగ్ రాడ్ తెచ్చుకో. బాస్ చేపను నువ్వెలా పడతావో దగ్గరుండి చూడాలి" అన్నాడు. అనేటప్పుడు నవ్వను కూడా లేదు. చక్రధర్ ఈ జన్మలో చేపను కంచంలో తప్ప ఇంకెక్కడా కలుసుకోలేదు.

పెద్దావిడే ఓపిగ్గా విడమరిచి చెప్పింది. "గాలం దారం చుట్టే రీళ్ళలో స్పిన్నింగ్ రీల్ తేలిక. కొత్తవాళ్ళు అదే తీసుకుంటారు. బెయిట్‌కాస్టర్‌కి చెయ్యి తిరిగి ఉండాలి. సమయానికి బొటనవేలు నొక్కకపోతే దారమంతా చిక్కుపడి పిచ్చుక గూడు అయిపోతుంది."

చక్రధర్ తల పట్టుకున్నాడు. మొదటిది కొంటే గ్రెగ్ చూడగానే దొరికిపోతాడు. రెండోది కొంటే విసరగానే దొరికిపోతాడు.

"విసరగానే దొరకడమే నయం," అని గోపీకృష్ణ తేల్చేశాడు. "మధ్యలో కాసేపైనా పరువు ఉంటది."

బెయిట్‌కాస్టర్ తీసుకున్నారు. దానికి తగ్గ రాడ్‌ను పెద్దావిడే ఎంచి ఇచ్చింది. ఇక ఎర మిగిలింది. రబ్బరు కప్పలు, తళుకుల చేపపిల్లలు, ఊదారంగు వానపాములు ఒక గోడంతా వేలాడుతున్నాయి. గోపీకృష్ణ ఫోన్ తీసి రివ్యూలు చదవడం మొదలుపెట్టాడు.

"ఆపరా. అవన్నీ మనుషులు రాసినవి. చేప రాసింది ఒక్కటైనా ఉందా?" అని విసుక్కున్నాడు చక్రధర్.

"నీళ్ళు తేటగా ఉంటే లేత రంగు, మురికిగా ఉంటే ముదురు రంగు," అంది పెద్దావిడ.

"నీళ్ళు ఎలా ఉన్నా పనిచేసేది లేదాండీ?"

ఆవిడ అతని ముఖంలోకి జాలిగా చూసి, ఒక రబ్బరు కప్పను చేతిలో పెట్టింది.

గోపీకృష్ణ గ్యారేజీకి చేరాక అసలు ముప్పు తెలిసొచ్చింది. అన్నీ పెళ్ళికొడుకుల్లా తళతళలాడుతున్నాయి. పదేళ్ళ హాబీ ఇంత కొత్తగా ఉంటే ఎవరు నమ్ముతారు? ఇద్దరూ కింద కూర్చుని స్టీలు పీచుతో రాడ్‌ను గీకారు. పిడికి ఇంజిన్ ఆయిల్ పూశారు. కప్పను టీ డికాషన్‌లో నానబెట్టి, కాలి కింద వేసి నలిపారు. గోపీకృష్ణ భార్య దేవిశ్రీ గుమ్మంలోంచి కాసేపు చూసింది.

"ఈ తోముడేదో అంట్లు తోమినా బాగుండేది," అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున చక్రధర్ వెళ్ళేసరికి గ్రెగ్ సరస్సులోకి కట్టిన చెక్కవంతెన చివర ఒక్కడే నిలబడి ఉన్నాడు. నెత్తిన పెద్ద టోపీ ఉంది. రాడ్ అందుకుని అటూ ఇటూ తిప్పాడు. గీతల మీద వేలు పోనిచ్చాడు. కప్పను వాసన చూశాడు.

"బాగా వాడినట్టున్నావు," అన్నాడు.

"రోజూ చేతిలో ఉండేదే," అన్నాడు చక్రధర్.

"సరే. విసురు."

చక్రధర్ తెలిసిన దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టుకుని, రాడ్‌ను వెనక్కి ఎత్తి బలంకొద్దీ విసిరాడు. వెనక్కి ఎత్తినప్పుడే కప్ప గాలం గ్రెగ్ టోపీకి తగులుకుంది. ముందుకు విసరగానే కప్పా టోపీ కలిసి గాల్లో లేచి, నీళ్ళలో దూరంగా పడ్డాయి. రీల్‌లోని దారం బుస్సుమని పొంగి పిచ్చుక గూడు కట్టేసింది.

అయిపోయింది. ఉద్యోగం, పీఆర్, పరువు, మూడూ ఆ టోపీతోపాటు మెల్లగా తేలిపోతున్నాయి. చక్రధర్‌కు ఏడుపొక్కటే తక్కువ. ఇక నిజం చెప్పేసి క్షమించమని అడుగుదామని వెనక్కి తిరిగాడు.

గ్రెగ్ కోపంగా లేడు. జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి దీక్షగా రాసుకుంటున్నాడు.

"ముందు టోపీ విసరాలన్నమాట," అన్నాడు తల ఎత్తకుండా. "తర్వాత?"

చక్రధర్ ఆ నోటు పుస్తకంలోకి తొంగి చూశాడు.

"గ్రెగ్, మీకు... చేపలు పట్టడం రాదా?"

"రాదు. నెలాఖరుతో నా ఉద్యోగం తీసేస్తున్నట్టు గురువారం నోటీసు ఇచ్చారు, కొత్త రెజ్యూమే రాసుకుంటున్నాను," అన్నాడు గ్రెగ్, పెన్ను సరిగ్గా పట్టుకుంటూ. "నా దగ్గరికి వచ్చిన మీ వాళ్ళ రెజ్యూమేల్లో ఈ చేపల లైన్ ఉన్న ప్రతివాళ్ళకీ ఉద్యోగం దొరికింది, కానీ నేర్చుకోకుండా రాసేస్తే అబద్ధం అవుతుంది కదా."