గచ్చు మధ్య నల్ల బండలు

"ఎవరింటి వంటగట్టుకో వేయగా మిగిలిన బండలు తెచ్చి ఇక్కడ వేశావయ్యా?"

లెక్కల టీచర్ సుచిత్ర అడిగిన తీరుకు రాజమల్లు మేస్త్రీ తాపీ పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

బోధన్ చెరుకు తోటల మధ్య ఉన్న ఆ సర్కారు బడి ముందు కొత్తగా గచ్చు వేస్తున్నారు. అంతా బూడిద రంగు తాండూరు బండలే. నట్టనడుమ మాత్రం అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, రెండు వరుసలు నల్ల కడప బండలు.

"మిగులు కాదు మేడమ్. నేనే కోసి తెచ్చిన. పిల్లలు నిలవడి సూస్తే..."

"పిల్లలు చూడాల్సింది పుస్తకం. బండలు కాదు."

మేస్త్రీ మళ్ళీ తాపీ అందుకున్నాడు.

ఆ సాయంత్రమే ఆమె హెడ్మాస్టర్ భానుప్రసాద్‌తో అంది. "బాత్రూముల పని ఇతనికి ఇవ్వకండి సార్. చేతికొచ్చినట్టు వేసి పోతాడు."

ఆ పని వేరే మేస్త్రీకి వెళ్ళింది.

నిజానికి సుచిత్ర బెంగ గచ్చు గురించి కాదు, పదో తరగతి శ్రీవాణి గురించి. గ్రాఫు లెక్క అనగానే ఆ పిల్ల బిగుసుకుపోతుంది. ఈసారి లెక్కల్లో తప్పితే చదువు బంద్ అని ఇంట్లో చెప్పేశారు.

డిజిటల్ బోర్డు మీద ఎన్ని రంగుల గీతలు గీసి చూపినా ఒకటే మాట.

"ఎటు పోవాల్నో ఆగమాగమైతుంది టీచర్."

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. పిల్లల్ని బయటికి పంపి, సుచిత్ర మోడల్ పేపర్ల కోసం మేడ మీది గదికి వెళ్ళింది. పిట్టగోడ మీంచి కిందికి చూసి ఆగిపోయింది.

నల్ల వరుసలు రెండూ సరిగ్గా నడిమధ్య కలుస్తున్నాయి. అక్కణ్ణుంచి ఎటు లెక్కపెట్టినా పది బండలు. నమ్మకం చాలక మళ్ళీ లెక్కపెట్టింది. పదే.

అది గచ్చు కాదు, గ్రాఫు కాగితం.

"శ్రీవాణీ! నల్ల వరుసలు కలిసే బండ మీద నిలబడు. అది సున్నా."

నిలబడింది.

"నా కుడికి మూడు బండలు. అక్కణ్ణుంచి కిందికి, నా వైపు, రెండు."

పిల్ల గొణుక్కుంటూ నడిచింది. ఆగి, తలెత్తి, "మూడు, మైనస్ రెండు!" అని అరిచింది.

ఇక సుచిత్రకు ఆగబుద్ధి కాలేదు. పై నుంచే ఒక సమీకరణం చెప్పి, ఎవరి బిందువు వాళ్ళను వెతుక్కోమంది. పిల్లలంతా ఏటవాలుగా ఒకే వరుసలోకి వచ్చారు, ఒక్కడు తప్ప.

"అరుణ్, నువ్వు గీత మీద లేవు! ఒక్క బండ ముంగటికి జరుగు!"

ఆ మాట అన్నది శ్రీవాణి.

సుచిత్ర ఫోనుతో ఫోటో తీసింది. కరెంటు వచ్చాక దాన్ని బోర్డు మీద పెట్టింది. శ్రీవాణి లేచి వెళ్ళి, తమ తలల మీదుగా వేలితో గీత గీసింది.

"టీచర్, గీత అంటే మేమే!"

ప్రీఫైనల్లో ఆ పిల్లకు గ్రాఫు లెక్కకు పూర్తి మార్కులు వచ్చాయి.

ఆదివారం సుచిత్ర ఆ ఫోటో పట్టుకుని, మిఠాయి డబ్బాతో రాజమల్లు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. రెండు చేతులెత్తి దండం పెట్టాలనే వెళ్ళింది.

భార్య ఈరవ్వ గడప దగ్గరికి వచ్చింది.

"ఆయన లేడు మేడమ్. నాందేడ్ దిక్కు పనికి పోయిండు. బడిల బాత్రూముల పని ఒస్తదనుకున్నడు, రాలే."

సుచిత్ర తల దించుకుంది. "తప్పు నాదేనమ్మా. రాకుండా చేసింది నేనే. ఆయన మాత్రం మా పిల్ల చదువు నిలబెట్టాడు."

ఫోటో చూసి ఈరవ్వ ముఖం విప్పారింది.

"నిలవడ్డరా! రోజు ఫోన్ల గదే అడుగుతడు మేడమ్, పిల్లలు నల్ల బండల మీద నిలవడుతుండ్రా అని."

"గ్రాఫు సంగతి ఆయనకెలా తెలుసమ్మా?"

ఈరవ్వ లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి చేతిలో పెట్టింది. అందులో మడతలు పడిన పదో తరగతి మెమోలు మూడున్నాయి.

మూడింటి మీదా ఉన్నది సుచిత్ర పాఠాలు చెప్పే బడి పేరే. మూడుసార్లూ రాజమల్లు తప్పింది ఒక్క లెక్కల్లోనే.