ఇంట్లో పడిన ముడి

బుగ్గమ్మ రెండోసారి కూడా తప్పింది.

బడి నుంచి వచ్చి, పలక గూట్లో పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంది. ఏమైందని బీరన్న అడగలేదు. గౌను మీద బిళ్ల లేదు, అది చాలు.

"మళ్ల ముడేనా?"

"ఆఁ."

"పెమాణం చెప్పినవా?"

"చెప్పిన. సలాము గూడ కొట్టిన. అన్నీ అయినయ్ బాపూ. ముడి కాడనే..."

బీరన్న పళ్లు కొరికాడు. కురుమల ఇంట పుట్టిన పిల్ల. తాతముత్తాతలు గొర్రెపిల్లలను కట్టి, విప్పి బతికారు. అతనూ మంద అమ్ముకునేదాకా అదే పని చేశాడు. ఆ ఇంటి పిల్లకు తాడు ముడి రాదంటే ఊరు నవ్వదా?

తాండూరు ఆడపిల్లల బడిలో ఆ ఏడే స్కౌటు దళం పెట్టారు. చిన్నపిల్లలది బుల్‌బుల్ దళం. ప్రమాణం అప్పజెప్పి, సలాము చేసి, తాడుతో రీఫ్ ముడి వేసి చూపిస్తే మొదటి బిళ్ల ఇస్తారు. బిళ్ల వచ్చినవాళ్లను రైల్లో వికారాబాదు మేళాకు తీసుకుపోతారు. మూడుసార్లు తప్పితే పేరు కొట్టేస్తారు.

"దళంల ఎడమ చెయ్యి కలిపి పలకరిస్తరట బాపూ" అని మొదటిరోజు బుగ్గమ్మ చెప్పినప్పుడు పక్కింటి మొగులమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

"నైజాం పోయినంక గిదొక్కటి తక్కువైందా! మా ఇంట్ల ఎడమ చెయ్యి చాపితే చెంప పగుల్తది."

బీరన్న నవ్వలేదు. రేపే పేరు రాయించుకొమ్మన్నాడు.

ఇప్పుడు అదే మొగులమ్మ గోడ మీంచి తల పెట్టింది. "కందుల సేటు బిడ్డకు ఒక్కపారికే బిళ్ల వచ్చిందట గద బీరన్నా?"

"నీ కూర మాడుతున్నది. పో."

బీరన్న తాడు తెచ్చి నేల మీద కూలబడ్డాడు.

"జర కండ్లు పెట్టి చూడు. మళ్ల చెప్ప."

ఒక కొసను కాలి బొటనవేలికి తగిలించాడు. రెండో కొసను దాని చుట్టూ తిప్పి, పంటితో అందుకుని, గుంజాడు. మళ్లీ తిప్పి మళ్లీ గుంజాడు. రెప్ప వేసేలోపు ముడి పడింది.

"ఇగ నువ్వు."

బుగ్గమ్మ వేసింది. కాలి వేలు, పన్ను, గుంజుడు, అచ్చం తండ్రి వేసినట్టే. ముడి పడింది. బీరన్న లాగి చూశాడు. జారలేదు. విప్పి మళ్లీ వేయమన్నాడు. మళ్లీ పడింది.

అతనికి ఒళ్లు మండింది.

"ఈడ పడే ముడి ఆడ ఎందుకు పడదే?"

"ఏమో బాపూ."

"భయమా?"

"కాదు."

"పంతులమ్మ కొట్టిందా?"

"లే."

"మరేంది? నోట్ల బెల్లముక్క పెట్టుకున్నవా?"

బుగ్గమ్మ తల వంచుకుంది. అడిగినకొద్దీ నోరు బిగించే గుణం తల్లిది. శంకరమ్మ జ్వరంలో కూడా "నాకేమయింది, మంచిగనే ఉన్న" అంటూనే పోయింది. ఆ అబద్ధాన్ని బీరన్న ఇప్పటికీ క్షమించలేదు. ఆమె పోయిన వారానికే మంగలిని పిలిచి బిడ్డ జుట్టు పొట్టిగా కత్తిరింపించాడు. జడలల్లే పని తనతో కాదన్నాడు. బండల గనిలో సుత్తె పని తీసేసి కావలి పని ఇచ్చిన మేస్త్రీనీ అతను క్షమించలేదు. ఇక ఈ పంతులమ్మ ఒకతె.

అతనికి ఒకటే తోచింది. సేట్ల పిల్లలకు బిళ్లలు, కావలివాడి పిల్లకు వంకలు.

"శనివారం నేను గూడ వస్త. ఎట్ల ఇయ్యదో చూస్త."

"వద్దు బాపూ!"

"ఎందుకొద్దు?"

బుగ్గమ్మ తాడు చుట్టి గూట్లో పెట్టింది.

శనివారం బీరన్న గొంగడి కప్పుకుని బడికి పోయాడు. వికారాబాదు నుంచి కొత్తగా వచ్చిన పంతులమ్మ సుమిత్రమ్మ ఎదురొచ్చి రెండు చేతులు జోడించింది.

"నమస్తె అన్నా. రాండ్రి, కూసోండ్రి."

బీరన్న తల మాత్రం ఆడించాడు. అక్కడున్న తల్లులు మూతులు తిప్పుకున్నారు. "ఏం పొగరే తల్లీ!"

ముందు ఇద్దరు పిల్లలు బిళ్లలు అందుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. బీరన్న కొట్టలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు.

"బుగ్గమ్మా, రా."

బుగ్గమ్మ తండ్రి వైపు ఒకసారి చూసింది. నేల మీద కూర్చుంది. తాడు అందుకుంది. కాలి వేలు, పన్ను, గుంజుడు. ముడి పడింది.

పిల్లలు కిసుక్కున నవ్వారు. సుమిత్రమ్మ నిట్టూర్చింది.

"మళ్ల గదే. తప్పు బిడ్డా."

బీరన్న ముందుకు దూసుకొచ్చాడు. "గుంజి చూడు పంతులమ్మా. జారితే నా పేరు బీరన్న కాదు."

"జారదన్నా. ముడి మంచిగనే పడ్డది."

"మరేం తప్పు? మేము సేట్లం కాదు, గదే గద తప్పు?"

సుమిత్రమ్మ ముఖం ఎర్రబడింది. "గట్ల అనకు అన్నా. కాలుతోని, నోటితోని కట్టుడేంది? తాడు పట్టిచ్చి నేనే చూపించిన. రెండు చేతులతోని కట్టమంటె ఒక చెయ్యి ఈపెనుక దాసుకుంటది. గిట్ల నీకు ఎవలు నేర్పిన్రే అంటె నోరిప్పదు. ఈసారన్న చెప్పమను."

బుగ్గమ్మ తండ్రి గొంగడి వైపు చూసింది.

బీరన్న గొంగడి లాగి కింద పడేశాడు. కుడి భుజం కింద చొక్కా చెయ్యి ఖాళీగా ఊగింది.