ఒక్క బుడగైనా

"అమ్మా, ఆ స్టూలు మీద కూర్చో. ఏదీ ముట్టుకోకు. గట్టిగా ఊపిరి కూడా పీల్చకు."

చివరి మాట వేళాకోళానికే అంది కూతురు. తల్లి మాత్రం నిజంగానే ఊపిరి బిగబట్టింది. హైడ్రోజన్ భగ్గుమంటుందని ఎవరో చెప్పినప్పటి నుంచి ఆవిడకు కంటి మీద కునుకు లేదు. దానికి తోడు పిల్ల రెండు రోజులుగా ఏమీ తినలేదు. ఉండబట్టలేక క్యారేజీ పట్టుకుని ల్యాబుకే వచ్చేసింది.

బల్ల మీద గాజు గిన్నె. నీళ్ళలోకి రెండు వైర్లు. ఒకదాని చివర గోరంత రేకు.

"ఇంతకీ నువ్వు చేసిందేమిటే?"

"రేకు మీద పూసే పూత. నీళ్ళలోంచి హైడ్రోజన్ బుడగలు తియ్యాలంటే ప్లాటినం కావాలి. దాని ధర వింటే గుండె ఆగుతుంది. అదే పని నికెల్, మాలిబ్డినం కలిపి చవగ్గా చేయించాను. పాళ్ళు కుదరడానికే మూడేళ్ళు పట్టింది."

"పాళ్ళ సంగతి నాకా చెబుతున్నావు? ముప్పై ఏళ్ళ నుంచి వంటింట్లో చేస్తున్నదేమిటి?"

కూతురు వైర్ల బిగింపు మరోసారి సరిచూసింది.

"కుదిరాయిగా, మళ్ళీ ఈ పరీక్షెందుకు?"

"ఇదొక్కటే మిగిలింది. నెగ్గితే సార్ సంతకం పెడతారు. లేదంటే మూడేళ్ళ చాకిరీ మట్టిగొట్టుకుపోయినట్టే."

తల్లి వైర్ల వంకా గిన్నె వంకా చూసింది. వైరు తెగితే? కరెంటు పోతే? గిన్నె పగిలితే?

"పోనీ, మీ సార్‌తో నేను మాట్లాడనా?"

"సార్ వింటారేమో. రేకు వినొద్దూ?"

కూతురు స్విచ్చి వేసింది.

ఏమీ లేదు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రా తల్లీ, ఒక్క బుడగైనా రా. కూతురి పెదవులూ కదులుతున్నాయి. పాపం, అదీ ఇదే మొక్కుకుంటోంది కాబోలు.

రేకు అంచున ఆవగింజంత బుడగ మెరిసింది. పక్కనే ఇంకొకటి. చూస్తుండగానే గిన్నెంతా నురగ.

"వచ్చాయే! ఎలా తన్నుకొస్తున్నాయో చూడవే!" భగ్గుమనే సంగతే మరిచిపోయి చప్పట్లు కొట్టింది తల్లి.

కూతురు తెర మీది అంకె చూసింది. నోటుబుక్కు తెరిచి, పాళ్ళు కుదిరిన రోజు రాసుకున్న అంకెతో పోల్చి చూసింది.

"అంతే వచ్చిందా?"

"అచ్చు అంతే వచ్చిందమ్మా."

స్విచ్చి ఆపి, అక్కడే నేల మీద కూలబడింది. తల్లి గబగబా క్యారేజీ మూత తీసింది. ఒక ముద్ద నోటి దాకా తీసుకెళ్ళింది.

"ఏడుస్తావేమిటే పిచ్చిమొద్దూ? గండం గట్టెక్కిందిగా!"

కూతురు ఆ చేతిని మెల్లగా పక్కకు నెట్టింది.

"అమ్మా, అందులో పెట్టింది నేను పూత పూసిన రేకు కాదు, పూత లేకపోతే ఇన్ని బుడగలు రావని రుజువు చెయ్యడానికి పెట్టిన ఉత్త రేకు."