ఆరో నంబరు

"కంప్యూటరు చెప్పాక ఇక తిరుగేముంది!" అంటూ చెప్పుల కొట్టు యజమాని మీసం మెలేశాడు. ఏడాది పొడవునా అమ్మిన సైజులన్నీ ఎక్సెల్‌లో ఎక్కించి భార్య సగటు తీస్తే, ఆరు వచ్చింది. ఆయన కొట్టు నిండా ఆరో నంబరు జోళ్ళే దింపాడు.

పిల్లలేమో రెండు, మగవాళ్ళేమో పది అడిగి, చేతులూపుకుంటూ వెళ్ళిపోతున్నారు.

"అసలు ఆరో నంబరు కాలు ఎవరికుందే?" అని ఆయన తల పట్టుకున్నాడు.

భార్య కొత్త జోడు తొడుక్కుని కొట్లో అటూ ఇటూ నడిచింది. "నాకుందండీ. అమ్ముడుపోని సైజంటూ ఇన్నేళ్ళలో ఒక్క జతైనా తెప్పించారా?"

"మరి ఎక్కువమంది కొనే సైజేదో ఆ కంప్యూటరు చెప్పదా?"

"ఎందుకు చెప్పదూ? దానికి వేరే ఫార్ములా ఉంది. అది నా కాలికి పట్టదు."