తీపి ఎక్కువైంది

“గ్లాసు అంచు మీద వేళ్ళేంటి? ఇంకాసేపట్లో ఆ అంచు ఒకరి నోట్లోకి వెళ్తుంది. పట్టుకుంటే అడుగున పట్టుకో, లేకపోతే ముట్టుకోకు.”

బావ ఆ మాట మెల్లగానే అన్నాడు. బారు కౌంటరు వెనక పద్దెనిమిదేళ్ళుగా నిలబడ్డ మనిషి. అరిస్తే పైపైన పోతుందనీ, మెల్లగా అంటేనే లోపలికి దిగుతుందనీ ఆయనకి బాగా తెలుసు.

బావమరిది వేళ్ళు కిందికి జరుపుకున్నాడు. నలభై దాటాక కొత్త పనికి వచ్చినవాడు. అతను పనిచేసే గుడ్డల కొట్టు మూతపడి నాలుగు నెలలైంది. అప్పట్నించీ అక్కయ్య ఇంట్లో, ముందుగదిలో సోఫా మీద పడక. అక్కయ్య పోరు పడలేక బావ ఇవాళ వెంటబెట్టుకొచ్చాడు. ఆరింటికి మేనేజరు వచ్చి ఒక గ్లాసు కలిపించి చూస్తాడు. నచ్చితే రేపట్నించి పని, లేకపోతే లేదు.

“కొలత గ్లాసు ఎందుకుంది? గుడ్డ కొలిచినట్టు చెయ్యి జార్చకు. ఇక్కడ కొసరు వెయ్యం.”

“చెయ్యి వణికింది బావా.”

“వణికే చేతికి జల్లెడ ఇవ్వాలిరా, సీసా కాదు.”

కౌంటరు చివర కూర్చున్న పెద్దాయన ఆ మాటకి నవ్వలేదు. బల్ల మీద ఒలికిన నాలుగు చుక్కల్నీ తన కాగితపు రుమాలుతో తనే తుడిచేసి, ఏమీ చూడనట్టు పేపర్లో తల దూర్చాడు. ఆ మధ్యాహ్నం బావమరిదికి దొరికిన దయ అదొక్కటే.

పెద్దాయనకి జిన్, నిమ్మరసం, సోడా కావాలి. బావ చకచకా కలిపాడు. ఆయన పని చూడముచ్చటగా ఉంటుంది, ఆ మాట ఒప్పుకుని తీరాలి. పొడవాటి చెంచా గ్లాసుకి తగలకుండా, చప్పుడు లేకుండా తిరుగుతుంది. కలపడం అయ్యాక స్ట్రా ముంచి, పైకొసని వేలితో మూసి, రెండు చుక్కలు బావమరిది నాలుక మీద వేశాడు.

“చెప్పు.”

“కొంచెం పులుపెక్కువ.”

“పెద్ద చెప్పొచ్చాడు. పులుపు సంగతి నీకెందుకురా? మీ అక్క ఏది పడేస్తే అది గుటుక్కున మింగేవాడివి.” ఆ మాట అంటూనే అర చెంచా పంచదార వేసి తిప్పాడు. పెద్దాయన ఒక గుక్క తాగి తలూపాడు. ఇద్దరిలో ఎవరికేసి ఊపాడో తెలియలేదు.

సరిగ్గా ఆరింటికి మేనేజరు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోడు, ఏ పనైనా నిలబడే తేల్చేస్తాడు.

“ఇతనేనా?”

“ఇతనే సార్. మా ఆవిడ తమ్ముడు. చెప్పుకోవడానికి బాగుండదు గానీ, ఏ పనీ రాదు.”

“రాకపోతే నేర్పుకుంటాం. నేర్చుకునే మొహమా, కాదా?”

“ఆ మొహమేదో మీరే చూడండి సార్. రోజూ చూసి నాకు విసుగొచ్చింది.”

మేనేజరు జిన్, నిమ్మరసం, పుదీనా కలిపి చల్లగా ఇమ్మన్నాడు. బావమరిది గ్లాసుని అడుగున పట్టుకున్నాడు. జిన్ కొలత గ్లాసు అంచుదాకా వచ్చి ఆగింది. చెయ్యి వణకలేదు. నిమ్మరసం పోశాడు, డబ్బాలోంచి రెండు చెంచాలు వేశాడు, పలుకు లేకుండా కరిగేదాకా తిప్పాడు. నలిపిన పుదీనా వేసి ఐసు నింపాడు. గ్లాసుకి పట్టిన చెమట చూసి అతనికే ముచ్చటేసింది.

“ముందు మీ బావకివ్వు. నేను జీతమిస్తున్నది ఆ నాలుకకే,” అన్నాడు మేనేజరు.

బావ స్ట్రా ముంచుతున్నాడు. ఈలోగా బావమరిది వేలికంటిన తడిని నాకి చూసుకున్నాడు. డబ్బాకేసి చూశాడు.

“బావా, ఒక్క నిమిషం...”

“నువ్వాగు.” బావ కళ్ళు మూసుకున్నాడు. చుక్కల్ని తాపీగా చప్పరించాడు. మొహం చిట్లించాడు. “ఒకటే తీపి. గుక్కెడు తాగితే పళ్ళు జివ్వుమంటాయి. నేను ముందే చెప్పాను కదా సార్.”

“మరీ అంతా? ఏదీ, ఇలా ఇవ్వు,” అంటూ మేనేజరు చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి తాకేలోపే బావమరిది గ్లాసు లాక్కుని సింకులో పారబోశాడు. పుదీనా ఆకులు జాలీకి అతుక్కుపోయాయి.

“ఇదేం పని?”

“తీపి ఎక్కువైంది సార్. మీరు తాగేలా లేదు.”

“తాగేలా ఉందో లేదో చెప్పాల్సింది నేను కదా?” మేనేజరు చాపిన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. “తప్పు చేస్తే సర్దుకుంటాను. దాన్ని దాచేసేవాడు నా కౌంటరు వెనక వద్దు. రేపు రానక్కర్లేదు.”

ఆయన అటు వెళ్ళగానే బావ ముక్కుతో నవ్వాడు.

“చేతులారా చెడగొట్టుకున్నావు. ఒక్క గుక్క తాగనిస్తే నీ సొమ్మేం పోయింది? తీపి ఎక్కువైందని ఎవరూ తరిమెయ్యరు. నీ పిరికితనం చూసి తరిమేశాడు. ఇప్పుడు మీ అక్కకి ఏం చెప్పమంటావు?”

బావమరిది గ్లాసుని ఒకసారి కడిగాడు. మళ్ళీ కడిగాడు. పెద్దాయనకి వినబడకుండా బావ పక్కకి చేరి గొంతు తగ్గించాడు.

“అక్కకి ఏమీ చెప్పొద్దు బావా. నేనందులో వేసింది ఉప్పు.”